మీకు తెలుసా? పీడకలల చిత్రకారుడు కుబిన్

● ఆంద్రే బ్రెతాన్ పారిస్‌లో కలలకు పెద్దపీట వేసే సర్రియలిజం కళోద్యమ మ్యానిఫెస్టో ప్రకటించింది 1924లో. అంతకు ఇరవై ఏళ్ల ముందే మ్యూనిక్‌లో పాతికేళ్ల కుర్రాడొకడు పీడకలల్లాంటి బొమ్మలు కట్టలకొద్దీ గీసేశాడు. పేరు ఆల్‌ఫ్రెడ్ కుబిన్.

● పుట్టింది 1877లో, ఇప్పటి చెక్ దేశంలో ఉన్న లైట్‌మెరిట్స్‌లో. పదేళ్ల వయసులో తల్లి క్షయతో పోయింది. తండ్రి ఆమె తోబుట్టువునే పెళ్లాడితే, ఆవిడా పురిట్లోనే కన్నుమూసింది. 1896లో కుబిన్ తల్లి సమాధి దగ్గర ప్రాణం తీసుకోబోయాడు. చేతిలోని పాత పిస్తోలు పేలలేదు. మరుసటేడు సైన్యంలో చేరి, కొద్ది రోజులకే మనసు చెదిరి ఆసుపత్రి పాలయ్యాడు.

● ఇన్ని బాధలు పడ్డాడు గనక అలాంటి బొమ్మలొచ్చాయని తేల్చేస్తుంటారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. తల్లి పోయాక పదేళ్లు దాటినా, ఇవాళ మనం కుబిన్‌వి అని గుర్తుపట్టే బొమ్మలు ఇంకా పుట్టలేదు. 1898లో మ్యూనిక్ చేరి బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అక్కడే చిత్రకారుడు మాక్స్ క్లింగర్ ముద్రణ చిత్రాల వరస ఒకటి కంటబడింది. స్కేటింగ్ చేసే చోట ఓ స్త్రీ జారవిడిచిన చేతితొడుగును ఒకడు ఏరుకుంటాడు. అక్కణ్నుంచి ఆ తొడుగే అతని కలల్లోకి దూరి పీడిస్తుంది. మామూలు వస్తువుతో ఇంత భయం పుట్టించవచ్చా అని కుబిన్ నివ్వెరపోయాడు. ఆ బొమ్మలు చూసి వినోదశాలకు వెళ్లి కూర్చుంటే, కళ్ల ముందు దృశ్యాలు వరదలా వచ్చిపడ్డాయట. బాధ ముందునుంచీ ఉంది, దారి క్లింగర్ చూపించాడు.

● ఆ రోజుల్లో గీసిన ఒక బొమ్మలో దొరసాని చెక్క ఊగుడు గుర్రం మీద దర్జాగా కూర్చుని ఉంటుంది. గుర్రం కింది వంపు చెక్కలు కత్తులు. వాటి కింద చిన్నచిన్న మనుషులు. ‘యుద్ధం’ అనే బొమ్మలో ఒక మహాకాయుడు సైన్యం మీద కాలెత్తి నిలబడతాడు. ‘మేలైన వైద్యుడు’ అన్నదాంట్లో రోగి ముఖం మీద చెయ్యి వేసింది మృత్యువు. సిరాను సన్నటి తుంపరగా చిమ్మి ఫొటోల్లో ఉండేలాంటి బూడిదరంగు నీడలు తెచ్చేవాడు. అంతకుముందు ఫొటోగ్రాఫరైన బంధువు దగ్గర కొన్నేళ్లు పనిచేశాడులెండి.

● తండ్రి భూములు కొలిచే సర్వేయరు. కొడుకు తర్వాతి రోజుల్లో పాత సర్వే పటాల కాగితం మీదే చాలా బొమ్మలు గీశాడు.

● 1907లో ఆ తండ్రి పోయాక చెయ్యి ఆడలేదు, గీత పడలేదు. దాంతో బొమ్మలు పక్కనపెట్టి కలల రాజ్యం కూలిపోయే కథతో ‘అవతలి వైపు’ అనే నవల రాశాడు. సుమారు పన్నెండు వారాల్లో ముగించి, ఆ తర్వాత బొమ్మలూ తనే వేశాడు. వాటిలో కొన్ని రచయిత మైరింక్ నవల ‘గోలెమ్’ కోసం మొదలుపెట్టినవి. ఆ నవల ఎంతకీ తెమలకపోవడంతో తన పుస్తకంలోకి లాక్కున్నాడు. 1909లో అచ్చయింది.

● 1906 నుంచి 1959లో చనిపోయేదాకా ఆస్ట్రియాలోని త్స్విక్లెట్ పల్లె ఇంట్లోనే ఉన్నాడు. పో, దస్తయేవ్‌స్కీ పుస్తకాలకు బొమ్మలు వేశాడు. గీత గిజిగిజిగా మారింది. తొలినాటి భయం మాత్రం వాటిలో కనిపించదు.

● కాఫ్కా 1911 డైరీలో కుబిన్ ప్రస్తావన ఉంది. కళ గురించో మృత్యువు గురించో అనుకునేరు! మలబద్ధకానికి ఏ మందు వాడాలో కుబిన్ చెప్పిన సలహా అది.