శ్రీశైల సీమ: ఎల్ల, అడవి, గ్రామసభ

నంద్యాల జిల్లా ఉత్తరపు కొసన, నల్లమల కొండలపై, సముద్రమట్టమునకు సుమారు 1,500 అడుగుల ఎత్తున శ్రీశైల క్షేత్రము వెలసియున్నది. ఆలయము నుండి పాతాళగంగ మెట్లు దిగినచో కృష్ణానదిని చేరుదుము. 2014 జూన్ 2వ తేదీ నుండి ఇచ్చట ఈ నదియే రెండు రాష్ట్రములకు ఎల్ల. ఈవలి గట్టు ఆంధ్రప్రదేశ్‌ది. ఆవలి గట్టు తెలంగాణములోని నాగర్‌కర్నూలు జిల్లాకు చెందినది. ఎల్ల ఏర్పడినను అడవి యొక్కటే. ఇరుగట్ల బ్రతుకు తెరువులును ఒక్కటే.

1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ఆనకట్టకు 12 గేట్లు కలవు. కుడిగట్టు విద్యుత్కేంద్రము మన రాష్ట్రమున, ఎడమగట్టు కేంద్రము తెలంగాణమున నున్నవి. జలాశయపు నీరు పోతిరెడ్డిపాడు, బనకచర్లల మీదుగా రాయలసీమ పొలములకు పారుచున్నది. ఈ నీటి కొరకు ఎన్నియో గ్రామములు ముంపునకు లోనైనవి. వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడు సంగమేశ్వరాలయము ఆ త్యాగమును నేటికిని గుర్తు చేయుచున్నది.

ఈ సీమకు యాత్రికులు మరియొక ఆదరువు. మహాశివరాత్రికి తెలుగువారును, ఉగాదికి కన్నడ సీమ భక్తులును వేలాదిగా తరలివత్తురు. వారిలో పలువురు వెంకటాపురము, నాగలూటి, భీమునికొలను మీదుగా అడవిదారిని కాలినడకన వత్తురు. వీరి రాకవలన అంగళ్లకు, వాహనములకు, వసతి గృహములకు రాబడి కలుగుచున్నది.

ఈ అడవికి తొలి నివాసులు చెంచులు. మల్లికార్జునుని వారు చెంచు మల్లయ్యగా కొలుతురు. ఆళ్లగడ్డ సమీపమున నున్న అహోబిల నృసింహుడు చెంచులక్ష్మిని పెండ్లియాడెనని వారి నమ్మకము. కనుమనాడు మొదలగు పారువేటలో ఆ స్వామి దాదాపు నలుబది దినములు చుట్టుపట్ల గ్రామములలో సంచరించును. ఉత్సవములలో ఇంతటి చుట్టరికము గల చెంచులకు రాబడిలోను తగిన పాలు దక్కవలెను గదా!

తేనె, చింతపండు, కుంకుడుకాయలు, జిగురు వంటి అటవీ ఫలసాయమును సేకరించి అమ్ముకొను హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టము వారికి గుర్తించినది. ఆ హక్కుల నిర్ణయము గ్రామసభతోనే ఆరంభమగును. ఆ సభను పిలువవలసినది పంచాయతీయే. సభ్యులలో సగమునకు తగ్గకుండ హాజరు కావలెను. హాజరైనవారిలో మూడవ వంతు స్త్రీలుండవలెను. సభ ఎన్నుకొను అటవీ హక్కుల సంఘములో 10 నుండి 15 మంది వరకు ఉందురు. కాగితములు లేవని ఎవరును నిరాశ చెందనక్కరలేదు. హక్కు కోరువారు గాక ఇతర పెద్దలు చెప్పిన మాటను వ్రాసికొన్నచో అదియు సాక్ష్యములలో ఒకటిగా చెల్లును.

సభను దూరపు పంచాయతీ కార్యాలయములో పెట్టినచో, ఆనాటి కూలిని వదలుకొని గూడెమువారు రాలేరు. రానివారి హక్కు కాగితమునకు ఎక్కదు. కావున సభ గూడెములోనే, వారు అడవి నుండి తిరిగివచ్చు వేళ జరుగుట న్యాయము. ఆ చట్టమే అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడు బాధ్యతను కూడ గ్రామసభపై నుంచినది. హక్కు పొందినవాడు అడవిని తనదిగా కాచుకొనును. పంచాయతీ సభ్యులు ఈ సంవత్సరమే గూడెమునకు వెళ్లి, చెట్టునీడన సభ జరిపింతురు గాక!