లింకర్ కలిపేశాక మీ డేటా ఎక్కడుంది?

రెజ్యూమెలో ‘అసెంబ్లీ వచ్చు’ అని రాశారా? అయితే ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రావచ్చు: ‘రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లలోనూ టెక్స్ట్ సెక్షన్ ఉంది. లింక్ చేశాక రెండో ఫైలు భాగం ఎక్కడ మొదలవుతుంది?’

విశాఖ టెర్మినల్లో ఓడెక్కే కంటైనర్లనే తీసుకోండి. ఎవరి సరుకైనా ఓడలో దాని చోటు బే ప్లాన్‌లో ఉంటుంది. లింకర్‌కూ అలాంటిదే ఒకటుంది, మ్యాప్ ఫైల్.

ముందు లెక్క చూద్దాం. విడి ఆబ్జెక్ట్ ఫైల్లో ప్రతి సెక్షనూ సున్నా నుంచే మొదలవుతుంది. లింకర్ ఒకే పేరున్న సెక్షన్లను మీరిచ్చిన ఫైళ్ల వరసలో పక్కపక్కన పేరుస్తుంది. మొదటి ఫైలు టెక్స్ట్ 40 బైట్లు అనుకోండి. నాస్మ్‌లో టెక్స్ట్‌కు మామూలు అలైన్‌మెంట్ 16. కాబట్టి రెండో ఫైలు 40 దగ్గర కాదు, 48 దగ్గర మొదలవుతుంది. అందులో 8వ బైటు దగ్గరున్న లేబుల్ 56కి చేరుతుంది. చాలామంది తప్పేది ఈ 8 బైట్ల ఖాళీ దగ్గరే.

పూర్తయిన ఫైల్లో సెక్షన్ హెడర్లు చూస్తే ఒకటే టెక్స్ట్ కనిపిస్తుంది, ఏ ముక్క ఎవరిదో ఉండదు. అది కావాలంటే లింక్ చేసేటప్పుడే మ్యాప్ ఫైల్ అడగాలి. లేబుళ్ల అడ్రసులు చాలనుకుంటే ‘ఎన్ఎమ్’ కమాండ్ ఉంది.

మరి ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు హద్దులు కావాలంటే? సెక్షన్ పేరును చుక్క లేకుండా, సీ వేరియబుల్ పేరులా పెట్టండి. ‘హ్యాండ్లర్స్’ అన్నారనుకోండి, ఆ పేరు ముందు ‘స్టార్ట్’, ‘స్టాప్’ చేర్చిన రెండు సింబళ్లను జీఎన్‌యూ లింకరే ఇస్తుంది. స్టార్ట్, స్టాప్‌లకు ముందు రెండు అండర్‌స్కోర్లు, తర్వాత ఒకటి ఉండాలి. ఒక జాగ్రత్త: మీకు కావలసింది ఆ సింబల్ అడ్రసు. నాస్మ్‌లో దాని చుట్టూ స్క్వేర్ బ్రాకెట్లు పెట్టారో, అక్కడున్న బైట్లు వచ్చేస్తాయి.

మైక్రోకంట్రోలర్లలో ఇది పరీక్ష ప్రశ్నతో పోయేది కాదు. స్టార్టప్ కోడ్ డేటా సెక్షన్‌ను ఫ్లాష్ నుంచి ర్యామ్‌లోకి కాపీ చేయాలి, బీఎస్ఎస్‌ను సున్నా చేయాలి. హద్దులు తప్పితే వేరియబుళ్లలో చెత్త విలువలే. మన నగరంలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్ టార్పెడోల వంటి నీటి అడుగు ఆయుధాలపై పనిచేస్తుంది. అలాంటి రంగంపై కన్నేసినవారు ఈ సంగతి వదిలేయకూడదు.

ఇవాళే ల్యాబ్‌లో రెండు చిన్న ఫైళ్లు రాసి లింక్ చేయండి. తర్వాత వరస తిప్పండి. పై ఉదాహరణలో 56 కాస్తా 8 అవుతుంది. రెండో ఫైలు 24 బైట్లయితే, ఇప్పుడు మొదటి ఫైలు ఎక్కడ మొదలవుతుందో మ్యాప్ తెరవకముందే కాగితం మీద రాసుకోండి.