భేండీ బజార్ పునర్నిర్మాణం: సామాజిక ప్రయోజనాలు

నగర కేంద్రంలో నివాసాన్నీ వ్యాపారాన్నీ ఒకేచోట నిలిపే పునర్నిర్మాణాన్ని మిశ్రమ వినియోగ పునరభివృద్ధి అంటారు. దక్షిణ ముంబయిలోని భేండీ బజార్ ఇందుకు ప్రముఖ ఉదాహరణ. దావూదీ బోహ్రా మతగురువు సయ్యద్నా మొహమ్మద్ బుర్హానుద్దీన్ సంకల్పంతో 2009లో ఏర్పడిన సైఫీ బుర్హానీ అప్‌లిఫ్ట్‌మెంట్ ట్రస్టు ఈ కార్యాన్ని చేపట్టింది. సుమారు 16.5 ఎకరాలలోని 250 పాత భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు దీని పరిధిలోనివి.

ప్రధాన ప్రయోజనం యాజమాన్య హక్కు. తరతరాలుగా పగ్డీ పద్ధతిలో అద్దెకున్నవారు కనీసం 350 చదరపు అడుగుల ఇంటికి ఉచితంగా యజమానులవుతారు. ఉమ్మడి మరుగుదొడ్ల స్థానంలో ఇంటింటికీ ప్రత్యేక వసతి ఏర్పడుతుంది. దుకాణాలకూ అదే ప్రాంతంలో చోటు కేటాయించడం వల్ల వర్తకులకు పాత ఖాతాదారులతో సంబంధం తెగిపోదు. వ్యయంలో కొంత భాగాన్ని అదనపు నిర్మాణాల విక్రయం ద్వారా రాబట్టుకుంటారు.

అయితే ఇటువంటి పథకాలలో కాలయాపన ప్రాణాంతకం కాగలదు. 2017 ఆగస్టు 31న ఇదే ప్రాంతంలోని హుసైనీ భవనం కూలి 30 మందికి పైగా మరణించారు. కాబట్టి ప్రయోజనాన్ని కొత్త భవనాల ఎత్తుతో కాక, పాత నివాసులలో ఎందరు, ఎంత త్వరగా సురక్షితమైన ఇంటికి చేరారన్న దానితో కొలవడం సమంజసం.