తడి రాయికి తడి రాయి అతికేదెలా?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఈ ఊళ్ళలో ఏ పాత ఇంటికి పోయినా పెరట్లో నాపరాళ్ళ తొట్టి ఒకటి కనబడుతుంది. అడుగున ఒక బండ, చుట్టూ నాలుగు బండలు, మూలల్లో సిమెంటు. అంతే తొట్టి. మిద్దె మీదికి ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చినా ఇది మాత్రం చాలా ఇళ్ళలో కదలలేదు. దీనికున్న జబ్బు ఒక్కటే, కారడం. రాత్రి నింపి పడుకుంటే తెల్లవారేసరికి జానెడు నీళ్ళు తగ్గి ఉంటాయి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తొట్టిలో జానెడు నీళ్ళంటే సుమారు 250 లీటర్లు. పదిహేను బిందెలకు పైమాటే! కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధిలో ఇది చిన్న సంగతి కాదు గదా.

బేల్దారిని పిలిస్తే, "తొట్టి ఖాళీ చేసి నాలుగు రోజులు ఎండబెట్టండమ్మా" అంటాడు. ఆ మాటలో సగమే నిజం. ఖాళీ చేస్తే పని సులువు, నిజమే. ఎండబెట్టనక్కరలేదు. సిమెంటు ఆరి గట్టిపడేది కాదు. నీళ్ళతో కలిసి, ఆ నీళ్ళనే తనలో చేర్చుకుని గట్టిపడుతుంది. అందుకే నీళ్ళ అడుగున కూడా బిగుస్తుంది. ఎండి బీటలు తీసిన పాత సిమెంటు మీద కొత్తది పెడితే, పాతది కొత్తదానిలోని తడిని పీల్చేసుకుంటుంది. అతుకు పొడిబారి ఊడి వస్తుంది. కాబట్టి రాయి తడిగా ఉండాలి, పైన నీళ్ళు మాత్రం నిలవకూడదు.

పూర్వం ఉత్త సున్నంతో కట్టేటప్పుడు ఈ సౌకర్యం లేదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది. నీళ్ళలో పెడితే మారదు. అందుకే మన పెద్దలు గానుగ సున్నంలో ఇటుకపొడి కలిపేవారు, దాన్నే సుర్కి అంటారు. రోమనులు రేవులు కట్టడానికి అగ్నిపర్వతపు బూడిద కలిపారు. ఇద్దరి ఉపాయమూ ఒకటే. ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో 1824లో పేటెంటు తీసుకున్నారు. మన యర్రగుంట్ల చుట్టుపక్కల ఒకవైపు నాపరాళ్ళు కోస్తున్నారు, ఇంకొకవైపు సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. రెండింటికీ మూలం సున్నపురాయే. తొట్టి బండా, దాన్ని అతికే సిమెంటూ ఒక ఇంటి బిడ్డలే అన్నమాట.

మరి అతుకు ఎందుకు ఊడుతుంది? ముఖ్యంగా పాచి వల్ల. చేతికి జారుడుగా తగిలే ఆ పొర ఉన్నంతవరకు ఏ మందూ రాయిని తాకదు. కారే సందును ఉలితో అర అంగుళం లోతుకు తీయించి, ఇనుప బ్రష్షుతో రాయి రంగు తేలేదాకా రుద్దండి. నున్నని బండ అయితే ఉలితో గంట్లు పెట్టించాలి. నీళ్ళు కొట్టి, గుడ్డతో అద్ది, ముందు చిక్కని సిమెంటు పాలు బ్రష్షుతో పట్టించి, అది తడి ఆరకముందే ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు జల్లించిన ఇసుక తక్కువ నీళ్ళతో కలిపి సందులో కూరాలి. పైన తడి గోనెసంచి కప్పి ఏడు రోజులు ఆరనీయకుండా చూడాలి. ఈ చివరి పని మేస్త్రీ చెయ్యడు, మనమే చెయ్యాలి!

అతుకు ఎప్పుడూ లోపలివైపే వేయించండి. బయట వేస్తే నీళ్ళు దాన్ని తోసి ఊడగొడతాయి, లోపల వేస్తే అవే నీళ్ళు రాయికి అదిమి పెడతాయి. నీళ్ళ తోపు తక్కువనుకోకండి. నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఉన్న పక్క బండను నిండు తొట్టిలోని నీళ్ళు దాదాపు అయిదు వందల కిలోల బలంతో బయటికి తోస్తాయి. అందుకే ఒక్క సిమెంటునే నమ్మకూడదు. అడుగు బండలో గాడి తీసి పక్క బండల్ని దింపాలి, మూలల్లో బయట ఆనుడు కట్టాలి. పక్క బండ కొంచెం బయటికి వాలినట్టు కనబడిందా, అతుకుల జోలికి పోకుండా ముందు నీళ్ళు తీసేసి పిల్లల్ని అటు పోనీయకండి.

బొట్టు బొట్టుగా కాక ధారగా కారుతుంటే సిమెంటులో కొద్దిగా చాకలి సోడా కలిపిన ముద్ద నిమిషాల్లో బిగుస్తుంది. కాని అది బలహీనం. బిరడా మాదిరి వాడుకుని, పైన మామూలు సిమెంటు వేయించాల్సిందే.

అసలు ఖాళీ చేసే వీలే లేదనుకోండి. అప్పుడు రెండు ముద్దలుగా వచ్చే ఎపాక్సీ ఉంది. నీళ్ళలో పనిచేసే రకమేనా అని చూసి కొనండి. రెండూ సమంగా తీసుకుని ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. చేతికి తొడుగు వేసుకోండి, కొందరికి దద్దుర్లు వస్తాయి. సందు మీద మధ్యలో పెట్టి అంచులకు ఒత్తుతూ పోతే అడుగునున్న నీళ్ళు బయటికి పోతాయి. మొదట జారుతుంది, విసుగు పడకుండా కొద్ది నిమిషాలు అదిమి పట్టుకోవాలి. తాగేనీళ్ళ తొట్టి అయితే అందుకు పనికివస్తుందని పొట్లం మీద రాసి ఉన్నదే తీసుకోండి.

అద్దాల తొట్లలో సముద్రపు చేపలు పెంచేవారిదీ ఇదే అవస్థ. వాళ్ళు 'లైవ్ రాక్' అనే రాళ్ళు పేరుస్తారు. అవి చచ్చిన పగడపు గూళ్ళు. రంధ్రాల్లో మాత్రం నీటిని శుభ్రపరిచే సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. ఆరితే అవి చచ్చి, కుళ్ళి, చేపల ప్రాణం మీదికి తెస్తాయి. అందువల్ల తడిమీదనే అతకాలి. ముందు రాళ్ళను జిగురు లేకుండానే కదలకుండా పేర్చి చూసుకుంటారు. తర్వాత రెండు రాళ్ళకూ తక్షణం అంటుకునే చిక్కని జిగురు రాసి, మధ్యలో ఎపాక్సీ ముద్ద పెట్టి నొక్కుతారు. ఆ జిగురు బిగిసేదే తేమ తగిలి! పెద్ద రాళ్ళయితే తొలిచి ప్లాస్టిక్ కడ్డీ దూర్చాల్సిందే. అన్నట్టు, మన సముద్రంలోని పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎవరో తెచ్చి అమ్మితే కొనకండి.

ఆ మాటకొస్తే జీవం అతికిన రాళ్ళు మనకూ ఉన్నాయి. పులివెందుల దగ్గర వేంపల్లె రాళ్ళలో, కోసిన ఉల్లిగడ్డలాగా పొరలు పొరలుగా కనబడేవి ఉంటాయి. నూట ఎనభై కోట్ల సంవత్సరాలకు పైబడిన మాట. అప్పుడిక్కడ లోతులేని సముద్రం ఉండేది. కంటికి కనిపించని జీవులు జిగటగా పరుచుకుని, పైన పడ్డ మట్టిరేణువులను పట్టుకుని, పొరమీద పొర రాయిగా కట్టాయి. పాచే అని మనం రుద్ది పారేస్తున్నాం గాని, దాని దూరపు చుట్టాలే ఆ మేస్త్రీలు!

కొత్త సిమెంటు వేసిన తొట్టిని వెంటనే వాడుకోకండి. మొదటి నీళ్ళు సబ్బునీళ్ళలాగా జారుడుగా ఉంటాయి, సున్నపు కారం దిగుతుంది. నింపి, ఒకరోజు ఉంచి, పారబోసి, మూడు నాలుగు సార్లు అట్లా చేయాలి. ఆ నీళ్ళు ఇల్లు కడగడానికి వాడుకోవచ్చు. దోమలు రాకుండా గంబూసియా చేపల్ని వదిలేవారు ఆ తర్వాతే వదలాలి, లేకపోతే చచ్చిపోతాయి. తొట్టి తోమడానికి పాయిఖానా యాసిడ్ ఎన్నడూ తేకండి. నాపరాయి సున్నపురాయే కాబట్టి యాసిడ్ తగిలిన చోట బుసబుస పొంగి కరిగిపోతుంది, అతుకూ పోతుంది. వంటింటి బండ మీద చింతపండు రసం పడి తెల్లటి మచ్చ పడేది కూడా ఇందుకే. కొబ్బరిపీచు, కాస్త ఇసుక చాలు.