తెరచాప పడవలు, విద్యున్మోటార్లు: అపోహలు – వాస్తవములు

తెరచాప పడవలో యంత్రమునకు గల స్థానము గౌణమైనది. గాలి అనుకూలించినంతకాలము పడవను నడుపు భారము చాపదే. రేవు విడుచునప్పుడును, రేవు చేరునప్పుడును, గాలి పూర్తిగా పడిపోయినప్పుడును మాత్రమే సరంగు యంత్రము వంక చూచును. ఈ పరిమితమైన పనికి ఇంతకాలము డీజిలు యంత్రమే దిక్కైనది. ఇటీవలి కాలమున లిథియం బ్యాటరీల వెల తగ్గుటచేతను, మోటార్లను అదుపుచేయు సాధనములు నమ్మదగినవగుటచేతను, ఐరోపా అమెరికాలలో అనేకులు తమ పడవలలోని డీజిలు యంత్రములను ఊడదీసి విద్యున్మోటార్లను అమర్చుకొనుచున్నారు. వారిని చూచి కొందరు ఇది పనికిరాని ఆడంబరమనుచున్నారు. మరికొందరు సముద్రయానమునకు ఇక చమురు చుక్కతో పనిలేదనుచున్నారు. ఇరువురి మాటలలోను అపోహలు కలవు. నా దృష్టిలో రెండవ వర్గమువారి అపోహలే ఎక్కువ హానికరములు. ఏలయన, మొదటివారి మాట నమ్మినవాడు ఒక మంచి సాధనమును పోగొట్టుకొనును గాని, రెండవవారి మాట నమ్మినవాడు ఖాళీ బ్యాటరీతో నడిసముద్రమున చిక్కుకొనును.

ఇది నిన్నమొన్న పుట్టిన ప్రయోగమని తలచుట మొదటి పొరపాటు. మోరిట్జ్ యకోబీ అను శాస్త్రజ్ఞుడు 1838లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున నేవా నదిపై బ్యాటరీల బలముతో, మనుష్యులనెక్కించుకొన్న పడవను నడిపించెను. 1881లో గుస్తావ్ త్రూవే పారిస్‌లో సేన్ నదిపై, పడవ వెనుకభాగమగు అమరమునకు తగిలించి మరల తీసివేయదగిన విద్యున్మోటారును ప్రదర్శించెను. 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనమున 55 విద్యుత్ పడవలు సందర్శకులను నీటి బాటలలో త్రిప్పినవి. బవేరియాలోని కోనిగ్జే సరస్సుపై యాత్రికుల పడవలు 1909 నుండియు విద్యుత్తుతో నడచుచున్నవి. ఇట్టి విద్య వ్యాపింపక ఆగిపోవుటకు కారణము మోటారులోని లోపము కాదు. మోయరాని బరువుగల సీసపు బ్యాటరీలు పెట్రోలు డీజిళ్లతో పోటీపడలేకపోయినవి. ఈ సంగతి మనస్సునందుంచుకొన్నచో తక్కిన అపోహలను పరిశీలించుట సులభమగును.

“విద్యుత్తు అశ్వశక్తి వేరు, డీజిలు అశ్వశక్తి వేరు; ఐదు కిలోవాట్ల మోటారు పదునైదు అశ్వశక్తుల యంత్రమునకు సమానము” అను మాట విక్రేతల నోట తరచు వినబడును. అశ్వశక్తి యన 746 వాట్లు. అది ఏ యంత్రమునుండి పుట్టినను అంతే. ఐదు కిలోవాట్లనగా ఏడు అశ్వశక్తులకు కొంచెము తక్కువ. ఐనను ఆ మాటలో ఒక సత్యాంశము లేకపోలేదు. విద్యున్మోటారు మెల్లగా తిరుగునప్పుడే తన పూర్తి త్రిప్పుబలమును ఈయగలదు కావున, దానికి పెద్ద ప్రొపెల్లరును అమర్చి నెమ్మదిగా త్రిప్పవచ్చును. అట్టిది, చిన్నదై వడిగా తిరుగు ప్రొపెల్లరు కంటె తక్కువ శక్తితో పడవను ముందుకు నెట్టును. పైగా నిశ్చలమైన నీటిలో డీజిలు యంత్రమును పూర్తి శక్తితో నడుపువారు అరుదు. కావున ప్రశాంతమైన దినమున చిన్న మోటారు చాలినట్లే తోచును. ఎదురుగాలి వీచుచు, పొట్టి అలలు పడవ ముందుభాగమగు అణియమున మోదుచు, గాలి పడవను రాతి దరివైపు నెట్టుచున్న సమయమున మాత్రము, డీజిలు యంత్రము అంతవరకు వాడక దాచియుంచిన ఎనిమిది అశ్వశక్తుల విలువ తెలియును. ఐదు కిలోవాట్ల మోటారు ఆ వేళ ఐదు కిలోవాట్ల పనియే చేయగలదు.

అన్నిటికంటె విస్తరించి చెప్పవలసినది దూరమును గూర్చి. ముప్పది అడుగుల పొడవు, నాలుగు టన్నుల బరువు గల పడవను తీసికొందము. నీటి మట్టమున దాని పొడవు 25 అడుగులు. బరువైన పడవ తాను లేపిన అలలోనే చిక్కుకొను స్వభావము గలది; అడుగులలోని ఆ పొడవు యొక్క వర్గమూలమును 1.34తో గుణింపగా వచ్చు 6.7 నాటికల్ మైళ్లే గంటకు దాని సహజమైన వేగపరిమితి. ఆ పరిమితిని సమీపించుకొలది, వేగమునందలి ప్రతి చిన్న వృద్ధికిని మిక్కుటమైన శక్తి వ్యయమగును. స్థూలముగా, వేగము రెట్టింపైనచో కావలసిన శక్తి ఎనిమిది రెట్లగును. ఇట్టి పడవ గంటకు ఆరు మైళ్ల వేగముతో పోవుటకు ఇంచుమించు ఆరు కిలోవాట్లు వలయును. నాలుగు మైళ్లకు ఒకటిన్నర కిలోవాట్లు చాలును. పది కిలోవాట్ అవర్ల బ్యాటరీలో ఎనిమిదింటిని వాడి, రెండింటిని ఆపదకై మిగుల్చుకొనువాడు, ఆరు మైళ్ల వేగముతో పోయినచో గంటా ఇరువది నిమిషములలో ఎనిమిది మైళ్లు మాత్రమే దాటగలడు. అతడే నాలుగు మైళ్ల వేగముతో ఓపికపట్టి సాగినచో అయిదు గంటలకు పైగా నడచి ఇరువదియొక్క మైళ్లు చేరగలడు. డీజిలు యంత్రమునకు అలవాటుపడినవాడు లీవరును ముందుకు త్రోసి, ఒక గంటలోనే బ్యాటరీ అడుగంటుట చూచి, మోటారు మోసగించినదని నిందించుట ఇందువలననే.

ఇక ఉత్సాహవంతులు అంగీకరింపక తప్పని లెక్క ఒకటి కలదు. లీటరు డీజిలులో సుమారు పది కిలోవాట్ అవర్ల శక్తి ఇమిడియుండును. చిన్న యంత్రము అందులో మూడవవంతునకు మించి ప్రొపెల్లరునకు అందింపలేదు. అయినను, నూరు కిలోలకు అటునిటుగా తూగు పై బ్యాటరీ చేయు పని రెండున్నర లీటర్ల డీజిలు చేయు పనికి మించదు. గాలిలేని సముద్రముపై దినములకొలది యంత్రముతోనే సాగదలచినవానికి ఈ వ్యత్యాసమును పూడ్చు ఉపాయము నేటికిని లేదు.

“తెరచాపతో పోవునప్పుడు ప్రొపెల్లరు తిరిగి బ్యాటరీని నింపును గదా, ఇక లోటేమి?” అని అడుగుదురు. నింపును, ఎంత నింపునన్నదే విచార్యము. ఈ రాబడియు వేగముయొక్క ఘనమును అనుసరించియే ఉండును. మనము తీసికొన్న పడవ గంటకు ఐదు మైళ్లతో పోవునప్పుడు లభించునది నూరు వాట్లకు అటునిటు; ఆరు గంటలు ప్రయాణించి కూడబెట్టినది ఇరువది నిమిషములపాటు మోటారు నడుపుటకు సరిపోవును. అంతియగాక ప్రొపెల్లరు నీటిలో ఈడ్చబడుటచే పడవ వేగము కొంత తగ్గును. ఎనిమిది తొమ్మిది మైళ్ల వేగమునందుకొను పెద్ద పడవలలో రాబడి అధికమే. ఐనను అది అవసరములన్నిటిని తీర్చునన్న నిశ్చయము లేదు. సముద్రమార్గములపై ప్రసిద్ధ గ్రంథములు వ్రాసిన జిమ్మీ కార్నెల్, 2020లో అవెంచురా జీరో అను విద్యుత్ కెటమరాన్‌పై, చుక్క చమురు కాల్చక మాగెల్లాన్, ఎల్కానోల మార్గమున భూప్రదక్షిణము చేయ సంకల్పించి స్పెయిన్‌లోని సెవిల్లె నుండి బయలుదేరెను. పుట్టుచున్న విద్యుత్తు పడవలోని నిత్యావసరములకు చాలకపోవుటచే ఆయన ఆ యాత్రను మధ్యలోనే విరమించుకొని, కారణమును దాచక లోకమునకు చెప్పెను. అనుభవజ్ఞుడైన నావికుడు చూపిన ఈ నిజాయితీకి నేను నమస్కరించుచున్నాను. ఎన్నో ప్రచారపత్రములు చెప్పని సత్యమును అది చెప్పినది.

ఉప్పునీటిలో విద్యుత్తు ప్రాణాంతకమను భయము సహజమే గాని, నలువదియెనిమిది వోల్టుల డి.సి. విద్యుత్తుతో నడచు మోటార్ల విషయమున అది అతిశయోక్తి. అంత తక్కువ వోల్టేజివలన ఘాతము కలుగు అపాయము స్వల్పము. భయపడవలసినది మరియొకటి కలదు: ఐదు కిలోవాట్ల శక్తికై 48 వోల్టుల వద్ద నూరు ఆంపియర్లకు పైగా ప్రవహించును. సన్నని తీగయో, సడలిన బిగింపో ఉన్నచో అచ్చట వేడి పుట్టి మంటలకు దారితీయును. కావున లావు కేబుళ్లు, సరియైన ఫ్యూజు, ఏటేటా బిగింపుల పరీక్ష, ఇవి తప్పనిసరి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు తక్కిన లిథియం జాతులకంటె నిలకడగలవి. పడవకు వానినే ఎన్నుకొనవలెను. మోటారునకు ఆలనాపాలనా అక్కరలేదనుటయు సరికాదు. ఆయిలు మార్చు పని తప్పును గాని, తుప్పును తనపైకి తీసికొను జింకు దిమ్మలను మార్చుట, ప్రొపెల్లరుకు పట్టిన నత్తగుల్లలను గీకుట మునుపటివలెనే ఉండును.

“ఇరువది మైళ్లు మాత్రమే పోవు మోటారు దేనికి?” అనువారికి సమాధానము వాడుకలోనే కలదు. ఆదివారమున రేవు నుండి పది నిమిషములు మోటారుతో వెలుపలికి వచ్చి, దినమంతయు చాపతో విహరించి, సాయంకాలము మరల పది నిమిషములలో ఒడ్డు చేరువానికి అర కిలోవాట్ అవరు చాలును. పడవపైనున్న మూడువందల వాట్ల సౌరఫలకము దానిని ఒక ఎండదినమున తిరిగి నింపును. పొగ లేదు, కంపము లేదు, వాసనకు కడుపు త్రిప్పుట లేదు. లంగరు దింపునప్పుడు అణియమున నిలిచినవాని మాట అమరమునందలి సరంగునకు స్పష్టముగ వినబడును. హుస్సేన్‌సాగరము వంటి చెరువులలో, దూరము అల్పమై దరి ఎల్లప్పుడు కంటికెదురుగా నున్నచోట, ఇంతకంటె తగిన యంత్రము లేదు. దూరము నియతమైనప్పుడు చాపలేని పడవకైనను ఇది చాలునని, కేరళలో వైకం, తవణక్కడవు రేవుల నడుమ 2017 నుండి సౌరశక్తితో డెబ్బదియైదుగురిని చేరవేయుచున్న ‘ఆదిత్య’ రుజువు చేసినది.

ఇంగ్లండు, వేల్సుల నడుమనున్న బ్రిస్టల్ చానెల్ సంగతి వేరు. అచ్చట పోటు పాటుల భేదము పండ్రెండు మీటర్లను మించును. ప్రవాహము పలుచోట్ల గంటకు నాలుగైదు మైళ్ల వడితో పారును. నాలుగు మైళ్ల వేగముతో పొదుపుగా నడుపు మోటారు ఆ నీటికి ఎదురైనచో పడవ నిలిచినచోటనే నిలుచును, లేదా వెనుకకు పోవును. వేగము పెంచినచో గంటలో బ్యాటరీ అడుగంటును. పోటువేళను కనిపెట్టి నీటితోపాటు సాగు నేర్పు గలవానికి సయితము, ఒకసారి వేళ తప్పినచో మరియొక దారి ఉండవలెను. అట్టి రేవున పడవ కట్టుకొనువానికి డీజిలు యంత్రమునే ఉంచుకొనుమని నేను చెప్పుదును.