బ్యాటరీలో బీఎంఎస్ ఎందుకు? ఎలా మారుస్తారు?

48 వోల్టుల ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీలో సాధారణంగా 13 లిథియం అయాన్ సెల్ గ్రూపులు వరుసగా కలిపి ఉంటాయి. ఏ గ్రూపూ 4.2 వోల్టులు దాటకూడదు. మరీ ఖాళీ అయినా పాడవుతుంది. చార్జర్‌కు తెలిసేది మొత్తం 54.6 వోల్టుల లెక్కే! అందుకే బీఎంఎస్ అనే సర్క్యూట్ బోర్డు సన్నని వైర్లతో ఒక్కో గ్రూపునూ కొలుస్తూ, తేడా వస్తే కరెంటు ఆపేస్తుంది.

సైకిల్ ఉన్నట్టుండి ఆగిపోతే తప్పు బోర్డుదేనా? ఇక్కడే చాలామంది తొందరపడతారు. ముందు మల్టీమీటర్‌తో ప్రతి గ్రూపునూ చూడాలి. పన్నెండు 3.7 దగ్గర ఉండి, ఒకటి 1.5కి పడిపోయిందంటే బోర్డు తన పని సరిగ్గానే చేసినట్టు. బోర్డును మార్చినా లాభం లేదు.

నిజంగా బోర్డే పాడైతే, కొత్త బోర్డు అదే రకం సెల్స్‌కు, అన్నే గ్రూపులకు, మోటారు లాగే కరెంటుకు సరిపోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ హద్దు 3.65 వోల్టులే కాబట్టి వాటి బోర్డు ఇక్కడ పనికిరాదు. విప్పేటప్పుడు సన్న వైర్ల కనెక్టర్ ముందు, లావు నెగటివ్ వైరు తర్వాత తీస్తారు. బిగించేటప్పుడు లావు వైరే ముందు. సన్న వైర్ల వరుస తప్పితే బోర్డు కాలిపోవచ్చు.

షార్ట్ అయితే మంటలే. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటలు పైనున్న హోటల్‌ను కమ్మేసి 8 మందిని బలిగొన్నాయి. పిల్లలూ, బ్యాటరీ పెట్టెను మీరు విప్పకండి, పని తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.