ఎండను కాదు, నీళ్లను చూసి బట్టలు వేసుకోవాలి

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు తిరిగినా కాలేజీ బస్సులే. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్, నల్సార్ లా యూనివర్సిటీ శామీర్‌పేట వైపున్నాయి. కండ్లకోయ, మైసమ్మగూడల నిండా ఇంజినీరింగ్ కాలేజీలు. ఈ తోవన చదువుకున్న పిల్లలు ఎందరో పై చదువులకు అమెరికా, బ్రిటన్ విమానమెక్కుతారు. పచ్చళ్ల నుంచి ప్రెషర్ కుక్కర్ దాకా గుర్తుపెట్టుకుని సర్దే ఇంట్లో, అక్కడి నీళ్ల గురించి మాత్రం ఎవరూ ఒక్క మాటా చెప్పరు.

చెప్పాల్సిన అవసరం ఉంది. 2022 డిసెంబర్ 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సు మీద మంచు పెళుసై విరిగింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ ముగ్గురు ఆ నీళ్లలో పడి చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీటిపాలయ్యారు. వీళ్లెవరూ కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ ఎక్కినవారు కారు. కానీ సియాటెల్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి చోట్ల ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లకు సెలవురోజున అద్దె కయాక్‌లో సముద్రంలోకి వెళ్లడం ఇప్పుడు మామూలు సరదా. బయట ఎండ కాస్తుంటే టీషర్టు, జీన్స్‌తోనే తెడ్డు పట్టుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

మన విశాఖ రుషికొండ దగ్గర సముద్రం దాదాపు ఏడాదంతా 25 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ, లేదంటే ఇంకా వెచ్చగా ఉంటుంది. బ్రిటన్, ఐర్లాండ్ చుట్టూ ఉన్న నీళ్ల సగటు 12 డిగ్రీలే. పదిహేను డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మనిషికి తెలియకుండానే గుప్పున ఊపిరి లోపలికి పోతుంది, ఆ వెంటనే ఆపుకోలేని ఎగశ్వాస. ఆ క్షణంలో ముఖం నీళ్ల కింద ఉంటే గజ ఈతగాడికైనా కష్టమే. శామీర్‌పేట చెరువులో నేర్చిన ఈత దీనికి జవాబు కాదు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ లెక్కను 1-10-1 అని తేల్చారు. ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్లూ మన మాట వినేది పది నిమిషాలు, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పేందుకు దాదాపు ఒక గంట. జనం భయపడేది ఆ చివరి గంటకు. నిజానికి చాలామంది దాకా ఆ గంట రానే రాదు. మొదటి నిమిషాల్లోనే మునిగిపోతారు. అందుకే అన్నిటికంటే ముందు లైఫ్ జాకెట్. పడవలో పెట్టుకోవడం కాదు, ఒంటికి బిగించుకోవాలి. అమెరికాలో 2022లో పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో 85 శాతం మంది ఒంటిమీద అది లేదు.

ఇక బట్టలు. గాలి ఎంత వెచ్చగా ఉందన్నది లెక్కలోకి రాదు. కయాక్ బోల్తాపడితే ఆ నీళ్లలో ఎంతసేపు తట్టుకోగలమన్నదే కొలత. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నూలు బట్ట తడిస్తే వెచ్చదనమంతా పోతుంది కాబట్టి జీన్స్, కాటన్ టీషర్టు ఇంట్లోనే వదిలేయాలి. ఉన్ని, పాలిస్టర్ ఫ్లీస్ తడిసినా కొంత కాపాడతాయి.

మధ్యస్థంగా చల్లటి నీళ్లకు వెట్‌సూట్ సరిపోతుంది. నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేస్తారు. ఒంటికీ దానికీ మధ్య చిక్కిన పల్చటి నీటి పొరను శరీరమే వేడెక్కిస్తుంది. వదులుగా ఉంటే చన్నీళ్లు వచ్చిపోతుంటాయి కనుక ఒంటికి అతికినట్టుండాలి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ 1950ల మొదట్లో దీనికి రూపమిచ్చారు. చేతులు ఆడించడానికి వీలుగా చేతుల్లేని వెట్‌సూట్ మీద వాటర్‌ప్రూఫ్ జాకెట్ వేసుకునేవారు కయాకర్లలో ఎక్కువ.

ఇంకా చల్లటి నీళ్లకు డ్రైసూట్. మెడ, మణికట్టుల దగ్గర రబ్బరు పట్టీలు నీటిని లోపలికి రానివ్వవు. కానీ డ్రైసూట్ తనంతట తాను వెచ్చగా ఉంచదు, లోపల ఉన్ని లేదా ఫ్లీస్ పొరలు తప్పనిసరి. జిప్ చివరిదాకా వేశామా, లోపలి గాలిని బయటకు పిండేశామా అని నీళ్లలో దిగే ముందే చూసుకోవాలి. ఖరీదు వెట్‌సూట్‌కు ఎన్నో రెట్లు. కొనలేకపోతే అద్దెకు తీసుకోవచ్చు. అదీ దొరక్కపోతే ఆ రోజు వెళ్లకపోవడమే సరైన పని. తలకు టోపీ, చేతులకు గ్లవ్స్, కాళ్లకు నియోప్రీన్ బూట్లు కూడా ఉండాలి. వేళ్లు మొద్దుబారితే తెడ్డు పట్టు జారిపోతుంది.

కొత్త సూట్‌తో నేరుగా లోతులోకి వెళ్లకండి. ఒడ్డున, నడుము లోతు నీళ్లలో, పక్కన తెలిసినవారిని ఉంచుకుని పది నిమిషాలు మునిగి చూడండి. ఈ మాటను వచ్చే సెమిస్టర్‌కు బయల్దేరుతున్న మీ పిల్లలకు చెప్పండి, విమానాశ్రయంలో కాదు, సూట్‌కేసు సర్దే రోజునే.